వేలి వెంట కళ్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి కూర్చున్నాను. పక్కనున్న పెద్దావిడ నా నుదుటి మీది కుట్ల గుర్తు చూసి, "ఏమైంది బిడ్డా?" అని అడిగింది.

పెద్ద అంబర్‌పేట్ దగ్గర లారీ తగిలి బండి మీది నుంచి పడ్డానని, అప్పటినుంచి లారీ హారన్ వింటే వణుకు వచ్చేదని చెప్పాను. ఆ భయం పోవడానికి ఇక్కడ ఒక డాక్టరమ్మ దగ్గరికి వస్తున్నానన్నాను. ఆమె నా కళ్ల ముందు వేలు అటూ ఇటూ కదిలిస్తుంది. పడ్డ సంగతి తలచుకుంటూ నేను ఆ వేలినే చూడాలి. చివర్లో భయం పదిలో ఎంతుందో చెప్పాలి. ఆ రోజు సున్నా అని చెప్పి వస్తున్నాను.

"ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసినట్టేనా?"

"గట్లనే అనుకో అమ్మా. మంచిగనే పనిచేసింది."

"బండి నడిపిందెవరు?"

"మా ఆయన. పోలీసులొస్తరని నన్ను రోడ్డు మీదనే ఇడిచిపెట్టి పోయిండు. అందరికేమో అంబులెన్స్ కోసం పోయిన అని చెప్పుకున్నడు."

ఈ మాట డాక్టరమ్మకు కూడా చెప్పలేదు.

పెద్దావిడ నా వైపు తిరిగి కూర్చుంది. "కుక్కను చూసి పిల్ల జడుసుకుంటే దిష్టి తీస్తం. పిల్లకు భయం పోతది. కుక్క యాడికి పోతది? వాకిట్లనే ఉంటది."

ఎల్‌బీనగర్‌లో మెట్లు దిగేసరికి మా ఆయన హెల్మెట్ పెట్టుకుని బండి మీద ఉన్నాడు.

"ఏమన్నది డాక్టర్?"

"భయం పోయింది."

"అయితే ఎక్కు."

వెనక లారీ గట్టిగా హారన్ కొట్టింది. నా ఒళ్లు వణకలేదు. బండి మాత్రం ఎక్కలేదు.