తొమ్మిదో ఎక్కం

తెల్లవారుతూనే పద్మారావు నగర్‌లోని మా ఇంట్లో కుళాయి వస్తుంది. బిందెలో నీళ్లు పడే గలగల చెవిన పడిందంటే చాలు, నాకు ఒంటికి వస్తుంది. ఈ వయసులో పరుగెత్తలేను, అసలు పరుగెత్తనూ కూడదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడి, లోలోపలే తొమ్మిదో ఎక్కం చదువుకుంటాను. "నానమ్మకు మళ్లీ లెక్కలు గుర్తొచ్చాయి" అని మనవరాలు నవ్వుతుండేది. నవ్వనీ! ఈ విద్య నాకు నేర్పింది మా హెడ్‌మిస్ట్రెస్ రత్నమ్మ టీచరు.

నిజాం రాజ్యం చివరి రోజుల్లో సికింద్రాబాదులోని ఒక మిషను బడిలో నేను పంతులమ్మను. రెండో కాన్పు తర్వాత నాకు మూత్రం ఆగేది కాదు. వస్తోందని తెలిసేసరికే చీర తడిసేది. ఎవరికి చెప్పుకోను? నీళ్లు తాగడం మానేశాను. రాకపోయినా సరే, ప్రతి పాఠానికీ ముందు పెరట్లోకి వెళ్లొచ్చేదాన్ని. అయినా ఏమీ లాభం లేకపోయింది.

రత్నమ్మ టీచరంటే పిల్లలకు హడల్. పద్యం చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి బల్ల పట్టుకుని ఆగిపోయి, "తొమ్మిదో ఎక్కం, అందరూ!" అని గర్జించేవారు. తెలుగు పాఠంలో లెక్కలేమిటో ఎవరికీ అంతుపట్టేది కాదు.

పోలీసు చర్య నాడు సైన్యం వస్తోందని ఊరంతా తలుపులు బిగించుకుంది. బడి ఆవరణలో కాపురముండే మేమంతా ఒకే వరండాలో చేరాం. దూరాన చప్పుడైతే అందరూ గేటువైపు చూసేవారు, నేను మాత్రం పాయిఖానావైపు చూసేదాన్ని. టీచరు కనిపెట్టి పక్కకు పిలిచారు.

"ఏందమ్మా సుశీలా, గిట్ల ఊకూకె ఉరుకుతున్నవ్?"

"నౌకరీ ఇడిసిపెడ్త టీచరమ్మా," అని ఏడ్చేశాను. "ఒంటికి ఆగుతలేదు. పిల్లల ముంగట ఇజ్జత్ పోతది."

ఆవిడ పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"కోపం జెయ్యకు బిడ్డా. నాకు సుత అదే తక్లీఫ్. తొమ్మిదో ఎక్కం ఎందుకనుకున్నవ్ మరి?"

ఆవిడ గొంతు తగ్గించి చెప్పుకొచ్చారు.

"వచ్చినప్పుడు ఉరికితే ఇంకింత తరుముతది. ఉన్నకాడ్నే నిలవడు. గాలి ఆపుకున్నట్టు కింద బిగవట్టు, ఇడువు, మళ్ల బిగవట్టు. మనసు ఎక్కం మీద పెట్టు. జెరసేపట్ల అదే తగ్గుతది. అప్పుడు నిమ్మలంగ నడువు. రాకముందే పోవుడు బంద్ జెయ్యి. రోజింత ఆలస్యం జేసుకుంట పో. ఛాయ్ తగ్గించు గని నీళ్లు మానకు. నీళ్లు తాగకుంటే మంట వుట్టి ఇంకా పరేషాన్ జేస్తది."

"తొమ్మిదో ఎక్కమే ఎందుకు?"

"రెండోది తొందరగ ఒడుస్తది గద!"

ఆనాటి నుంచి సాధన షురూ చేశాను. మొదట్లో చాలాసార్లు ఓడిపోయాను, గుడ్డ మడత పెట్టుకునే బడికి వెళ్లేదాన్ని. బడి మళ్లీ తెరిచాక సభ పెట్టారు. కొత్త అధికారులు వస్తున్నారు, స్వాగతం నువ్వే చెప్పాలన్నారు టీచరు. నావల్ల కాదంటే, "గీ ఒక్కటి చెప్పు. గాడ ఇజ్జత్ పోతే నౌకరీ ఇడువు, నేనద్దన" అన్నారు.

స్వాగతం సగంలో ఉండగా, వేదిక పక్కన ఎవరో కుండలోంచి గ్లాసుల్లోకి నీళ్లు వంచసాగారు. నా మాట ఆగిపోయింది. కాళ్లు పరుగందుకోబోయాయి. ముందు వరుసలోంచి టీచరు దిగ్గున లేచారు.

"పిల్లలూ! తొమ్మిదో ఎక్కం!"

బడి బడంతా అందుకుంది. నేను బల్ల పట్టుకుని బిగబట్టాను. తొమ్మిది ఆర్లు యాభై నాలుగు దగ్గరికి వచ్చేసరికి ఆ తరుముడు సద్దుమణిగింది. పిల్లల తెలివికి మురిసిపోయి అధికారులు చప్పట్లు కొట్టారు. నేను పొడి చీరతో స్వాగతం ముగించాను. రిటైరయ్యేదాకా ఆ బడి విడవలేదు.

టీచరు పోయినప్పుడు, ఇంజినీరైన ఆవిడ శిష్యుడొకడు సమాధి దగ్గర, "మా టీచరుకు లెక్కలంటే ప్రాణం. పద్యం మధ్యలో కూడా మరిచేవారు కాదు" అన్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు. నిజమే, ఏడుస్తూనే నవ్వాను.

మొన్న మనవరాలు కాన్పయి మా ఇంటికి వచ్చింది. పొద్దున కుళాయి చప్పుడు వినగానే ముఖం చిట్లించుకుని పెరట్లోకి పరుగు తీయబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉరకకు బిడ్డా, నిలవడు. తొమ్మిదో ఎక్కం యాదికున్నదా?"

ఈసారి అది నవ్వలేదు. నా పక్కనే గోడకు చెయ్యి ఆనించి, "తొమ్మిది ఒకట్లు తొమ్మిది" అని మొదలుపెట్టింది.