పదిహేడో నంబరు

ఆ ఫ్యాక్టరీలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ప్రతి వెల్డరూ తను వేసిన అతుకు పక్కన తన నంబరు పంచ్‌తో కొట్టాలి. అతని నంబరు పదిహేడు. ఇరవై రెండేళ్లుగా అందరికీ అతను పదిహేడే. క్యాంటీన్‌లో కూడా "పదిహేడుకి ఒక టీ" అంటారు.

ఇప్పుడు ఆ నంబరుకే గండం వచ్చింది. ఏడాదికోసారి జరిగే పరీక్షలో అతను అతికిన ముక్కను ప్రెస్సులో పెట్టి వంచారు. అతుకు అంచున నోరు తెరిచింది. మర్నాడు ఇంకో ముక్క వంచారు, అదీ తెరిచింది. మూడోదీ తెరిస్తే నంబరు వెనక్కి తీసుకుని అతన్ని అతుకులు అరగదీసే గ్రైండింగు పనికి పంపుతారు.

పైకి చూస్తే అతుకు ముచ్చటగానే ఉంది. కాకపోతే గొంగళిపురుగులా కాస్త ఎత్తుగా, ప్లేటు మీద కూర్చున్నట్టుంది. కరిగిన ఇనుము ప్లేటులోకి ఇంకాలి. వేడి చాలకపోతే పైనే కూర్చుంటుంది. ఈ సంగతి పదిమందికి నేర్పినవాడు అతనే. అందుకే తప్పు అతికే తీగదన్నాడు, గ్యాసుదన్నాడు, చివరికి ప్లేటుదన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే" అన్నాడు ఫోర్‌మన్. ఆయన పదిహేడుకి అక్క మొగుడు. "రేపటిదీ పోయిందంటే మీ అక్క నన్ను ఇంట్లోకి రానివ్వదు."

పరీక్ష సంగతి పదిహేడు ఇంట్లో చెప్పలేదు. మర్నాడు పొద్దున భార్య మాడిన కుక్కరు తెచ్చి అతని ముందు పెట్టింది.

"పక్కింటికి వెళ్తూ, మూడు కూతలకి దించమన్నానా?"

"ఒక్కటీ కూయలేదే."

"పక్కింట్లో నాకు వినపడింది. మీరేమో దాని పక్కనే కూర్చున్నారు."

అతను టిఫిన్ డబ్బా తీసుకుని బయల్దేరాడు.

మూడో పరీక్షకి బావ పక్కనే నిలబడ్డాడు. పదిహేడు ఏనాడూ మీటరు చూడలేదు. వేడిని పెంచి తగ్గించే ఓల్టేజి నాబ్ తిప్పుతూ చెవితో పట్టేస్తాడు. తీగ కొస కరిగి, కింది మడుగును తాకి, బొట్టు బొట్టుగా తెగిపడుతుంటే సన్నగా, ఎడతెగకుండా ఒక చిటచిట వస్తుంది. అది దొరికేదాకా తిప్పాలి. పనికిరాని ముక్క మీద మంట వెలిగించాడు. చిటచిట లేదు. నాబ్ తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. టప్ టప్‌మని వినపడ్డాక, సరే అన్నట్టు తలూపాడు.

బావ అతని చెయ్యి పట్టుకున్నాడు. "అదేంటి? తీగ కరక్కుండా ప్లేటుని పొడుస్తోంది. మొదట ఉన్నదే బాగుందిగా."

"మొదట చప్పుడేది బావా?"

"జోరీగలా పాడిందయ్యా."

పదిహేడు మాస్కు ఎత్తి బావ మొహంలోకి చూశాడు. బావ నాబ్‌ను తనే పైకి తిప్పాడు.

"చెవి సంగతి వదిలేయ్. చెయ్యి నీదేగా. కానివ్వు."

మాస్కు అద్దం అవతల మంట మూగగా వెలిగింది. మడుగు వెడల్పుగా పరుచుకుని రెండు అంచులనూ తడుపుకుంటూ పోయింది. తర్వాత ఆ ముక్క ప్రెస్సులో లాడంలా వంగింది. వెంట్రుకవాసి నెర్ర కూడా పడలేదు. ప్రెస్సు దగ్గరున్న ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

"బతికించావు" అన్నాడు బావ. "ఇకమీదట రోజూ పొద్దున నేనొచ్చి మిషను పెట్టిపోతా. మూడో కంటికి తెలియనక్కర్లేదు."

"యార్డులో ఉన్న మెట్లు?"

"ఏ మెట్లు?"

"రేపు లారీ ఎక్కించేవి. అవన్నీ నా చెవితో మిషను పెట్టి వేసినవే."

బావ మొహం మాడిపోయింది. "చూసి పాస్ చేశారు కదా."

"పైన చూశారు."

"అవి కోయిస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే చెవి దగ్గరే ఆగుతుంది. ఇప్పుడే దక్కిన నంబరు సాయంత్రానికి పోతుంది." ఆయన అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగి, గొంతు బాగా తగ్గించి ఇంకేదో అన్నాడు. పెదాలు కదలడం మాత్రమే కనిపించింది.

"గట్టిగా చెప్పు బావా. వినపడలేదు."

బావ నోరు తెరిచాడు. అవతల బెంచీ దగ్గర నలుగురు పనివాళ్లున్నారు. మళ్లీ మూసుకున్నాడు.

పదిహేడు సుద్దముక్క తీసుకుని యార్డులోకి నడిచాడు. ఇనుప మెట్లు వరసగా ఆనించి ఉన్నాయి. అతుకులు ముప్పై నాలుగు. ఎండలో ఒక్కొక్కటీ ముచ్చటగా మెరుస్తోంది. మొదటిదాని మీద కోయడానికి గుర్తుగా అడ్డంగా గీత గీసి, రెండోదాని దగ్గర వంగాడు.