తట్టి చూసే వేలు

దగ్గరగా జరిగి కూర్చోండమ్మా, మా మామగారి సంగతి చెబుతాను. ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లకు ప్లాస్టర్‌తో రాతి స్తంభాలు చేసిన మనిషి ఆయన. అందుకే మ్యూజియంకు తీసుకెళ్లినా ప్రతి విగ్రహాన్నీ వంకర వేలితో తట్టి, "గిది సెట్టింగే, అసల్ది గాదు" అనేవారు.

ఒకసారి జూబ్లీహిల్స్‌లో పిల్లలు గీసిన బొమ్మల ప్రదర్శనకు ఇంటిల్లిపాదీ వెళ్లాం. మా అమ్మాయి వేసిన బొమ్మ ముందు ఆయన కళ్లు చిన్నవి చేశారు.

"గింత మంచిగ ఎవరు గీసిచ్చిన్రు బిడ్డా?"

"నేనే గీసిన తాతా! నన్ను గూడ నమ్మవా?" అంది అది.

ఆయన తట్టబోయి మళ్లీ చూశారు. బొమ్మలో ఉన్నది ఆయన వంకర వేలే, సుత్తి దెబ్బకు చీలిన గోరుతో సహా. ఎత్తిన చేతిని జేబులో పెట్టుకున్నారు.

"అసల్దే," అన్నారు మెల్లగా.

మీ ఇంట్లో పసివాళ్ల మాటను తట్టి చూసే అవసరం ఎన్నడూ రాకూడదు తల్లీ, చల్లగా ఉండండి.