పక్కకు తీసిన నాలుగు పేజీలు

మొన్న మా వయోవృద్ధుల సంఘం వాళ్లు జ్ఞాపకాల సంచిక ఒకటి వేద్దామని, ఆరుగురు సభ్యులు తమ తమ ఫోన్లలో కొట్టిన ఆరు ఫైళ్లు తెచ్చి, టైపు పని తెలిసినవాణ్ని కదా అని నా ముందు పెట్టారు. ఒకదాని కింద ఒకటి అతికిస్తే, ఒక్క అక్షరం చెదరకుండా, చాయ్ చల్లారేలోపు అన్నీ కలిసి ఒకే ఫైలైపోయాయి. సంతోషించాల్సింది పోయి నాకు నమ్మకం కుదరలేదు. ఒకటికి మూడుసార్లు పేజీలు లెక్కపెట్టి, ఆరుగురి పేర్లూ వేలు పెట్టి మరీ చూసుకున్నాను. పక్కనున్న మిత్రుడు ఇంత చాదస్తమేమిటని నవ్వితే నేనూ నవ్వాను గానీ, కారణం చెప్పలేదు.

మా కాలంలో డీటీపీ సెంటర్లలో కూర్చున్నవాళ్లకు ఆ తిప్పలు తెలుసు. ఒక్కో సెంటరుకు ఒక్కో తెలుగు ఫాంటు ఉండేది. ఒకచోట కొట్టింది ఆ ఫాంటు లేని ఇంకోచోట తెరిస్తే తెర నిండా గళ్లు, పిచ్చి గీతలు. అంతకన్నా ప్రమాదమైనవి, ఒకే పేరుతో తిరుగుతూ లోపల అక్షరాలు వేరుగా ఉండే ఫాంట్లు. ఒకటి ఎక్కిస్తే రెండోది చెడిపోయేది, రెండోది బాగుచేస్తే మొదటిది పోయేది.

నేను కరీంనగర్‌లో పని నేర్చుకుని మందమర్రి బజారులో ఒక సెంటరులో కొత్తగా చేరిన రోజులవి. మధ్యాహ్నం మూడింటికి సైరన్ మోగేది, ఆ వెనకే ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో పేలుడు. నేల కింద ఎవరో బండ దొర్లించినట్టు చప్పుడై అద్దాలు వణికేవి, మేం మానిటరు మీద చెయ్యి వేసి పట్టుకుని, చప్పుడు ఆగాక పని మొదలుపెట్టేవాళ్లం. మా అక్కను ఇచ్చిన ఊరు ఆ గనికి ఇంకా దగ్గర. గని పెరుగుతూ పెరుగుతూ ఊరిదాకా వచ్చింది, ఊరు ఖాళీ చేయించి దూరంగా కొత్త కాలనీ కడుతున్నారు. ఎవరెవరి కుటుంబాలను తరలించాలో ఊరివాళ్లే ఒక్క జాబితాగా తెచ్చి గ్రామసభలో ఇవ్వాలని తరలింపు పని చూసే ఆఫీసు చెప్పింది. ఆ జాబితాలో పేరుంటే కాలనీలో ఇల్లు, లేకపోతే గని అంచున ఉండిపోవడమే.

ఊరికి నాలుగు వాడలు. ఎవరికి తెలిసిన సెంటరులో వాళ్లు కొట్టించారు: ఒకటి మంచిర్యాలలో, ఒకటి ఖానాపూర్‌లో ఎవరి అల్లుడి దుకాణంలోనో, ఒకటి మా దగ్గర, అక్క వాళ్ల వాడది కరీంనగర్‌లో. సభకు ముందురోజు పొద్దున పెద్దమనుషులు నాలుగు సీడీలు తెచ్చి, అన్నీ కలిపి ఒకటే కాగితం చెయ్యమన్నారు. నేను భయపడ్డదే అయింది. ఖానాపూర్ ఫాంటుకూ కరీంనగర్ ఫాంటుకూ ఒకటే పేరు. ఒక వాడ పేర్లు బాగుపడితే ఇంకో వాడ పేర్లు గళ్లయిపోతున్నాయి. తిప్పితిప్పి చూసి, చివరికి అందరం చేసే ఉపాయమే చేశాను. అక్క వాళ్ల వాడ నాలుగు పేజీలూ పక్కకు తీసి వేరే ఫైలులో దాచి, ముందు మూడు వాడలవి ముద్రించి, ఫాంటు మార్చాక అవి విడిగా ముద్రించి మధ్యలో చేర్చుదామనుకున్నాను.

అంతలో సైరన్ మోగింది, పేలుడుతో పాటు కరెంటూ పోయింది. కరెంటు వచ్చి మిషను మళ్లీ తెరుచుకునేసరికి బయట జీపువాళ్లు హారన్ కొడుతున్నారు, చీకటి పడకముందే ఊరంతా తిరిగి కట్ట చివరి ఖాళీ కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలని పెద్దమనుషులు నిలబడే ఉన్నారు. ఫైలు తెరిచాను, అక్షరాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. పేజీ నంబర్లు వాటంతట అవే సర్దుకుని ఒకటి నుంచి పదకొండు దాకా వరసగా కనిపించాయి, ఎక్కడా వెలితి లేదు. ముద్రించి ఇచ్చేశాను.

అక్క కూడా వాళ్లతోనే వచ్చింది. కాగితాల కట్ట మీద చెయ్యి పెట్టి, “మావోళ్ల పేర్లన్ని అచ్చినయా తమ్మీ?” అని అడిగింది. నేను తల కూడా ఎత్తకుండా, “అచ్చినయక్కా, ఫికర్ చెయ్యకు” అన్నాను. ఒక్కసారి కాగితం తిరగేసి ఉంటే సరిపోయేది.

మర్నాడు సభకు నేనూ వెళ్లాను. అధికారి పేర్లు చదువుతుంటే మూడు వాడలు అయిపోయాయి, నాలుగోది రాలేదు. ఆయన కాగితాలు మూసేసరికి ఆ నాలుగు పేజీలు ఎక్కడ ఉండిపోయాయో నాకు తెలిసిపోయింది. అక్క వాళ్ల వాడ మనుషులు లేచి గోల చేస్తే, అధికారి, “మీ ఊరోళ్లు సంతకాలు వెట్టి ఇచ్చిన కాయితమే గదా ఇది” అని నెమ్మదిగానే అన్నాడు. ఆ క్షణంలో నేను లేచి, తప్పు నాదని, పేజీలు మా మిషనులోనే ఉన్నాయని చెబితే, గంటలో తెచ్చి చేర్చేవాళ్లేమో. మా యజమాని పెద్దమనుషుల పక్కనే ఉన్నాడు. నాకు సిగ్గేసింది, భయమేసింది, కూర్చునే ఉన్నాను. రెండు రోజుల తర్వాత ఆ నాలుగు పేజీలూ ముద్రించి, ఎవరికీ చెప్పకుండా ఆఫీసులో ఇచ్చి వచ్చాను. తీసుకుని ముద్ర వేశారు, అంతే, దానికి జవాబు రాలేదు.

మూడు వాడలు కాలనీకి వెళ్లిపోయాయి. అక్క వాళ్ల వాడ ఒక్కటే నాలుగేళ్లు గని అంచున ఉంది. బడి వెళ్లిపోయింది, కిరాణా కొట్టు వెళ్లిపోయింది, బావిలో నీళ్లు దిగిపోయాయి. నేను వెళ్లినప్పుడల్లా గోడల్లో పగుళ్లు ఇంకాస్త వెడల్పయ్యేవి, అక్క వాటిలో మట్టి మెత్తుతూ కనిపించేది. మూడో ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం, పేలుడు ఆగిన కాసేపటికి వెనక గోడ కూలి బావ నడుము విరిగింది. మరుసటేడు వాళ్లనూ తరలించారు గానీ, బావ కొత్త ఇంట్లోకి మంచం మీదే వెళ్లి, మంచం మీదే పోయాడు.

ఇన్నేళ్లలో అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోగా, ఎవరైనా ఆ ముచ్చట తీస్తే, నేను పక్కన అన్నం తింటుండగానే చెబుతుంది: “మా తమ్ముడు మంచిగనే కొట్టిచ్చిండు, ఆఫీసోళ్లే మా పేర్లు తీసేసిండ్రు.” నేను తల వంచుకుని తింటాను. నా పాపాన్ని ఆఫీసువాళ్లు మోస్తున్నారు.

ఇప్పటి పిల్లలకు ఈ బాధ లేదు. అక్షరం ఎక్కడ కొట్టినా అక్షరంలాగే ఉంటుంది, ఎవరి చేతికి వెళ్లినా తెరుచుకుంటుంది. మంచిదే, మేం కళ్లు పోగొట్టుకున్నా అందని సుఖం వీళ్లకు పుట్టుకతో దొరికింది. అక్కకు చదువు రాదన్న ధైర్యంతోనే నా వంతుగా ఇది రాయడానికి కూర్చున్నాను. సగం రాశాక తెలిసింది, సంచికను అచ్చుతో పాటు సభ్యుల ఫోన్లకూ, వాళ్ల బంధువుల ఫోన్లకూ పంపిస్తారట. అక్క ఫోనులో మనవరాలు ఏదో ఏర్పాటు చేసింది, ఏం వచ్చినా ఫోనే పైకి చదివి వినిపిస్తుంది, అక్క బియ్యం ఏరుకుంటూ వింటుంది. మా కాలపు ఫాంటులో కొడితే ఏ ఫోనూ చదవలేదు, ఆ కిటుకు నాకింకా తెలుసు. అయినా అందరిలాగే కొట్టి, నా పేరు పెట్టి ఇచ్చేశాను. ఇక అక్క వింటుంది. విన్నాక నాకు ఫోను చేస్తే ఎత్తాలి.