పసుపు వెట్టిన రిమోట్

మీరు రాజలింగం కాకను ఒక్కసారన్న కలవాలె. నిజంగ చెప్తున్న. కోరుట్లల దిగి తెల్ల కారు రాజలింగం ఇల్లేదని ఎవలనడిగినా చూపెడ్తరు. కార్లంటే పిచ్చి ఉన్నోళ్లయితే ఇంకా తప్పకుంట పోవాలె, ఎందుకంటే గా కారు పాతదే గని ఇంజన్ సప్పుడు ఇంటే కుట్టుమిషన్ నడిచినట్టే ఉంటది. వాళ్ల నాయిన తాళ్లెక్కి కల్లు గీసెటోడు, కాక స్టీరింగ్ పట్టిండు. మోకు, కత్తి ఇంట్ల మూలకు పడ్డయి. దసరనాడు వాటికి చేసే పూజ మాత్రం కారుకు మారింది. గీ పూజ ముచ్చట జర గుర్తుంచుకోండ్రి, మల్ల దీనికాడికే అస్త.

నేను కాకను మొదటిసారి సూసింది దసర అయిపోయిన కొన్ని దినాలకు. బైక్ మీద కోరుట్లకెల్లి జగిత్యాలకు పోతున్న. రోడ్డు పక్కకు గా తెల్ల కారు ఆగి సైరన్ తోని ఒర్లుతున్నది. దాని ముంగట కాక నిలవడి రిమోట్ ను అరచేతికేసి కొడ్తున్నడు, ఒత్తుతున్నడు, మల్ల కొడ్తున్నడు. వెనుక సీట్ల ఇంకో ముసలాయన అద్దానికి తల ఆనిచ్చి కూసున్నడు. ఆయన కాక దోస్తు నర్సన్న. రెండు కిడ్నీలు పోయినయి. డయాలసిస్ కు జగిత్యాల దవాఖానకు ఎప్పుడైనా కాకనే తీస్కపోతడు. నడుమల వాంతికి అస్తున్నదంటే కారాపి ఇద్దరు దిగిండ్రట. డోర్లు వేసినంక లాక్ దానంతట అదే పడ్డది. తాళంచెవితోని డోర్ తీస్తే సైరన్ మొదలైంది, ఇంజన్ మాత్రం లేస్తలేదు.

గా సైరన్ లాక్ డబ్బా కంపెనీల అచ్చింది కాదు, తర్వాత బయట షాపుల వేయించింది. రిమోట్ ఒత్తకుంట తాళం తిప్పితే అది మనలనే దొంగ అనుకుంటది, ఇంజన్ కు కరెంట్ బందు చేస్తది. బండిని కాపాడుతందుకు పెట్టిన డబ్బా, బండి ఓనర్ నే గుర్తువడ్తలేదు.

బానెట్ లేపి సైరన్ వైర్ పీకిన. ఒక్కసారి అంతా సల్లవడ్డది. గప్పుడు నర్సన్న నోరు తెరిచిండు.

"నాకు కిడ్నీలే ఖరాబు. నీ కారుకు తలకాయే ఖరాబైంది రాజలింగం."

ఒక ఆటో ఆపి నర్సన్నను ఎక్కించినం. ఆయన ఎక్కుకుంట కాక చెయ్యి పట్టుకున్నడు. "మళ్లేటప్పుడు నువ్వే రావాలె. డయాలసిస్ అయినంక ఆటో కుదుపులు నాతోని కాదు." కాక తల ఊపిండు.

ఇగ రిమోట్ ఇప్పిన. లోపలి బ్యాటరీ సెల్లు కొత్తదే. కని లోపల అంతా పసుపు. తడిగ వోయి ఎండింది, బటన్ల కింద పచ్చగ చిలుము పట్టింది. ఇసొంటిది నేను ఎక్కడా సూడలే, నేను సూసే కార్ల రిపేర్ వీడియోలల్ల గూడ. కాక, దీన్ల పసుపెట్ల వోయింది అని అడిగిన. ఆయన అటు పొలం దిక్కు సూసుకుంట, బొట్టు వెట్టిన అన్నడు.

దసర పూజ ఎప్పుడూ ఆయన భార్య పోశవ్వ చేసేదట. ఉంగరపు ఏలుతోని స్టీరింగ్ కు ఒక బొట్టు, తాళంచెవికి ఒకటి, రిమోట్ కు వెనుక దిక్కు సన్నగ ఒకటి. పోయిన ఎండకాలంల ఆమె గుండెనొప్పితోని పోయింది. ఆమె లేకుంట ఇది మొదటి దసర. కాకనే పసుపు కలిపిండు. నీళ్లు ఎక్కువైనయి. ఎంత వెట్టాల్నో తెల్వక అన్నిటికి నిండ పూసిండు. ఆమె వెనుక వెట్టేది, ఈయన ముంగట బటన్ల మీద వెట్టిండు. పైకెల్లి కొబ్బరినీళ్లు చల్లిండు.

నేను జగిత్యాలల ఉన్న నా దోస్తు మహిపాల్ కు ఫోన్ చేసిన. వాడు కార్లకు గివే వేస్తడు. చేతిల పని ఒడగొట్టుకొని మూడు గంటలైనంక సామాన్ తీస్కొని బైక్ మీద అచ్చిండు, కొత్త రిమోట్ కలిపి సూసిండు. కార్ల ఉన్న డబ్బా దాన్ని తీసుకుంటలేదు. దానికి గూడ కాలం చెల్లింది కాక, మొత్తం పీకి ఇంజన్ కు డైరెక్ట్ ఇస్త, జరసేపట్ల అయితది అన్నడు.

"వద్దు," అన్నడు కాక.

మహిపాల్, పోనీ కొత్తది వేస్త అన్నడు. కొత్తదానికి గిదే సప్పుడు అస్తదా అని అడిగిండు కాక. వాడు ఫోన్ల ఒక్కొక్క సప్పుడు ఇనిపిచ్చిండు. ఒకటి కుక్కపిల్ల మొరిగినట్టు, ఒకటి అంబులెన్స్ లెక్క, ఒకటేమో పెండ్లి బ్యాండ్ లెక్క. కాక అన్ని చెవికాడ పెట్టుకొని ఇన్నడు. గిది కాదు. గిది గూడ కాదు. మాకు నవ్వు అస్తున్నది, ఆయన మొఖం సూస్తే ఆగుతున్నది.

నేనే అడిగిన, నీ కారును ఎవడు ఎత్తుకపోతడు కాక, దీనికింత దేనికి అని.

దొంగల కోసం వేయియ్యలే అన్నడు. పోశవ్వకు చెవులు సరిగ ఇనవడకపోవు. ముందటింట్ల చాట ఒళ్లె పెట్టుకొని తల వంచి బీడీలు చేసేది. తలుపు కొట్టినా, పిలిచినా ఇనకపోవు. గీ సైరన్ మాత్రం ఇనవడేది. లాక్ ఒత్తితే కుయ్ కుయ్ మని రెండుసార్లు. ఆమె చాట పక్కకు వెట్టి, తలుపు తీసి, కూర వెచ్చవెట్టేది. నీ గొంతు ఇనవడకున్నా నీ కారు గొంతు ఇనవడ్తది అని ఎక్కిరిచ్చేదట.

"ఇప్పటికీ గా లాక్ ఒత్తి, తలుపుకాడ జరసేపు ఆగుత. తీస్తదని కాదు. అలవాటు."

ఆయన బిడ్డ మానస సిరిసిల్లల ఉంటది, అల్లుడు బట్ట నేసే సాంచెలు నడుపుతడు. అచ్చి మాతోనే ఉండు బాపు అని ఫోన్ల ఎప్పుడూ అదే ముచ్చట. కాక పోతడు, ఒక్కపూట ఉంటడు, తిరిగస్తడు. సాంచెల సప్పుడుల ఎవలు అచ్చింది, ఎవలు పోయింది తెల్వది అంటడు.

నాకు ఒక ఉపాయం తట్టింది. సైరన్ ను రెండుసార్లు మోగిస్త, ఫోన్ల రికార్డ్ చేసిస్త అన్న. ఆయన కోపం చేయలే.

"గా సప్పుడు నేను ఎప్పుడూ బయట నిలవడే ఇన్న. లోపలికి ఎట్ల ఇనవడ్తదో ఆమెకే ఎరుక. ఫోన్ల పెట్టుకొని ఏం చేసుకోను?"

గంతల నర్సన్న ఫోన్ చేసిండు. అయిపోయింది, బయట కూసున్న, యాడిదాక అచ్చినవ్ అని. గొంతు ఎండిపోయినట్టున్నది. కాక అస్తున్న అని పెట్టేసిండు. కారు బానెట్ మీద చెయ్యి పెట్టిండు.

"పీకెయ్ బిడ్డ," అన్నడు మహిపాల్ తోని.

డబ్బా బయటికచ్చింది, వైర్లు అచ్చినయి, సైరన్ అచ్చింది. తాళం తిప్పంగనే ఇంజన్ లేసింది, గా కుట్టుమిషన్ సప్పుడే. పని చేయని రిమోట్ ను మాత్రం కాక అంగి జేబుల వేసుకున్నడు. సైరన్ రోడ్డు పక్కకు పడి ఉంటే నేను బ్యాగుల పెట్టుకున్న. ఆయన సూసిండో లేదో తెల్వదు. నర్సన్న కోసం జగిత్యాల దిక్కు పోయిండు.

ఇంటికచ్చి సైరన్ కు ఒక చిన్న బ్యాటరీ కట్టి సూసిన. వైరు రెండుసార్లు తాకిస్తే కుయ్ కుయ్. అచ్చం గదే. మస్తు ఖుషి అయింది. నిన్న పొద్దుగూకంగ దాన్ని తీస్కొని కోరుట్లకు పోయిన. గల్లీల నిలవడ్డ. కాక కారు అచ్చింది. దిగిండు, డోర్ వేసిండు, తలుపుకాడికి పోయి వెనుకకు తిరిగి జేబులకెల్లి రిమోట్ తీసి కారు దిక్కు పట్టి ఒత్తిండు. ఏం మోగలే. ఐనా గట్లనే జరసేపు ఆగిండు. తాళం తీస్కొని లోపలికి పోయిండు. లైట్ ఎలిగింది. కిటికిలకెల్లి కనవడుతున్నడు, ముందటింట్ల గోడకు ఒరిగి కూసున్నడు, బీడీల చాట పక్కనే ఉన్నది.

లోపలికి ఎట్ల ఇనవడ్తదో ఆమెకే ఎరుక అన్నడు గద. నా చేతిల సైరన్ ఉన్నది, వైరు ఉన్నది. మోగిస్తే ఆయన జీవితంల మొదటిసారి లోపల కూసోని ఇంటడు. తలుపు తీస్తడు. తీస్తే బయట నేనుంట.

వైరు పట్టుకొని అట్లనే నిలవడ్డ. మీరైతే మోగిద్దురా?