అక్క చేసిన కరెంటు గిటారు

మా అక్క ఒక పని తలపెట్టిందంటే ఇంట్లో వస్తువులు మాయమయ్యేవి. ఆ ఏడు మొదట నాయన పాత సైకిలు చక్రం పోయింది. తర్వాత పెరటి గోడకు ఆనించి ఉన్న టేకు తలుపు పోయింది. రేడియో వెనక మూత కూడా పోయేసరికి నాయన ఇల్లంతా కేకలేశాడు. అప్పుడు అక్క తాపీగా చెప్పింది, తాను గిటారు చేస్తున్నానని. మామూలుది కూడా కాదు, కరెంటు గిటారు.

ఎనభైల మొదట్లో మాట ఇది. ఆళ్లగడ్డలో అప్పటికి కరెంటు గిటారును కళ్లతో చూసినవాళ్లు ఎంతమందో నాకు తెలియదు. అక్క మాత్రం చూడలేదు. చూడని వస్తువును చేస్తానంటే ఇంకెవరినైనా పిచ్చిదానివి అనేదాన్ని. అక్కను అనడానికి ధైర్యం చాలలేదు.

ఇదంతా అక్క మొగుడు, మా ఇంటికి ఇల్లరికం వచ్చిన బావ కోసం. బావ బేతంచెర్లలో బండలు కోసే మిషను మీద పనిచేసేవాడు. ఆదివారానికి ఇంటికొచ్చి మా చర్చిలో గిటారు వాయించేవాడు. నంద్యాల స్నేహితుడొకడు ఇచ్చిపోయిన గిటారు అది. బావ వాయిస్తుంటే పాట రానివాళ్లకు కూడా పాడబుద్ధయ్యేది. అలాంటి మనిషి ఎడమచేతి నడిమి రెండు వేళ్లను మిషను తీసుకుపోయింది. గాయం మానింది, మా ఊళ్లోనే లారీలకు బండలు ఎత్తించే దగ్గర లెక్క చూసే పని దొరికింది. గిటారు మాత్రం స్నేహితుడికి తిరిగి ఇచ్చేశాడు. చర్చిలో వాకిలి పక్కన కూర్చుని, అందరూ పాడుతున్నా నోరు విప్పేవాడు కాదు. ఇంట్లోనూ అంతే. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు.

ఆ రోజుల్లో నేను నంద్యాలలో హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చేస్తున్నాను. అక్క ఒకరోజు బస్సెక్కి వచ్చి, నన్ను వెంటబెట్టుకుని రేడియోలు బాగుచేసే అంగడికి పోయింది. దారిలో ఒక్క మాట అంది. "రెండు వేళ్లు పోతే పోనీలే అనుకున్యా. ఇప్పుడు మనిషే పోతాండాడు."

రేడియో మెకానిక్కు చెప్పింది విన్నాక అక్క మొహం వెలిగిపోయింది. మామూలు గిటారులో తీగను గట్టిగా నొక్కాలి. కరెంటు గిటారులో తీగ చెక్కకు దగ్గరగా ఉంటుంది, మెత్తగా తాకితే చాలు, మిగతా పని కరెంటు చేసుకుంటుంది. తీగ ఊగితే, అయస్కాంతం మీద చుట్టిన సన్నని రాగి తీగ ఆ ఊపును పట్టి రేడియోకు అందిస్తుందట. మిగిలిన రెండు వేళ్లతో బావ వాయించగలడని అక్క అక్కడే తేల్చేసుకుంది. ఆ మెకానిక్కు మంచివాడు. కాలిపోయిన ట్రాన్సుఫార్మరులోని వెంట్రుకంత రాగి తీగ, పాడైన లౌడ్‌స్పీకరు అయస్కాంతం ఇచ్చాడు. మా హాస్టలు సామాన్ల గదిలో పడివున్న విరిగిన గిటారు తలకాయను నేను అడిగి తెచ్చిపెట్టాను. తీగలు బిగించే మరలు దానికి ఇంకా బాగానే ఉన్నాయి.

అక్క బట్టలు కుట్టేది. ఆ రాగి తీగను చుట్టడానికి కుట్టుమిషనునే వాడింది. బాబిన్‌కు దారం ఎక్కించే చిన్న చక్రం మీద చెక్కముక్క బిగించి, కాలితో మెల్లగా తొక్కుతూ వేళ్ల మధ్య తీగను జారనిచ్చేది. ఊపిరి గట్టిగా వదిలినా తెగే తీగ అది. తెగినప్పుడల్లా బ్లేడుతో కొస గీకి, ముడివేసి, మళ్లీ మొదలుపెట్టేది. ఒక్కసారీ విసుక్కోలేదు. నా జాకెట్టు చేతులు పొట్టివైతే విసుక్కుని నన్నే తిట్టే మనిషికి అంత ఓపిక ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. సెలవులకు ఇంటికొచ్చి పక్కన కూర్చుని చూస్తుంటే గర్వంగా ఉండేది. చుట్ట పూర్తయ్యాక దాని నడుమ గిటారు తీగకొక మేకు చొప్పున దిగ్గొట్టి కింద అయస్కాంతం అంటించింది. తలుపు చెక్కను కోసి, గాజు పెంకుతో గీకి నున్నగా చేసింది.

బావ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఒకసారి ఆగి అడిగాడు.

"ఎవురికి చేస్తాండావ్ అది?"

"వాయించేటోనికి," అంది అక్క, తలెత్తకుండా.

గిటారు మెడ మీద, తీగను నొక్కే చోట్ల, అడ్డంగా మెట్లు వేయడం ఒక్కటే మిగిలింది. గీతలు వంకర పోకూడదని ఆ పని నాయనకు అప్పగించింది. నాయన బండలు పరిచే మేస్త్రి. బండకూ బండకూ మధ్య సందు గదిలో ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే తీరుగా ఉండాలన్నది ఆయనకు బైబిలు తర్వాత బైబిలు. షావుకారి ఇంటి వసారాకు కొలిచినట్టే కొలిచి, సుద్ద దారం లాగి, గీతలన్నీ సరిసమానంగా కొట్టాడు. సైకిలు చక్రం పుల్లలను ముక్కలు చేసి, గీతల వెంట కోసిన గాళ్లలో దిగ్గొట్టాడు. గీత మీద బొటనవేలు రాసి చూసుకుని మురిసిపోయాడు. మేమూ మురిసిపోయాం. ఏళ్ల తరబడి ఇంట్లో గిటారు కళ్లముందు ఉన్నా, దాని మెట్లు ఎట్లుంటాయో ముగ్గురిలో ఒక్కరూ గమనించిన పాపాన పోలేదు.

తీగలు బిగించి, వైర్లను రేడియో వెనకాల గ్రామఫోను తగిలించే చోట కలిపింది అక్క. ఆ సాయంత్రం బావ పని నుంచి రాగానే గిటారు తెచ్చి ఒళ్లో పెట్టింది. కాదనడానికి నోరు తెరిచినవాడల్లా మెడ వైపు చూసి ఆగిపోయాడు.

"మామా, ఈ గీతలు నువ్వు కొట్టినావా?"

"నేనే. యాడన్నా వంకరుంటే చెప్పప్పా."

"వంకర్లేదు మామా. అన్నీ సమానంగా ఉండాయి."

"మరింకేందీ?"

"గిటారు మెట్లు కిందికి పోయేకొద్దీ దగ్గర పడాల మామా. నువ్వు బండలు పరిచినట్టు పరిచినావే."

అంటూనే బావ నవ్వాడు. మొదట ముక్కుతో, తర్వాత కడుపు పట్టుకుని. వేళ్లు పోయినాక ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి. అన్ని నెలల కష్టం పాడైందని అక్క ఏడుస్తుందనుకున్నాను. ఆమె కన్నార్పకుండా బావ మొహమే చూస్తోంది.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. బావ చూపుడువేలితో, చిటికెనవేలితో నొక్కి చూశాడు. ఒక్క స్వరమూ తిన్నగా పలకలేదు. పైగా రెండు వేళ్లూ కొంకర్లు పోయాయి. గిటారును మంచం మీద పెట్టి, "చాల్లే. నువ్వు పడిన కష్టం చాలు," అన్నాడు.

నాయనకు మాత్రం వేరే దిగులు. తాను కొట్టిన గీతలు తప్పంటే ఆయన ప్రాణం ఒప్పుకోవడం లేదు. తీగల మట్టంలోనే ఏదో తేడా ఉందని, బండల సందులు నున్నగా చేసే ఉక్కు కడ్డీ తెచ్చి తీగల మీద అడ్డంగా పెట్టి జరిపాడు. రేడియో వేసే ఉంది. తీగలు ఒక్కసారిగా కింది నుంచి పైకి రాగం తీశాయి. నాయన భయపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మామా, ఆ కడ్డీ ఇట్లియ్యి," అన్నాడు బావ.

గిటారును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకున్నాడు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు కలిపి కడ్డీని పట్టుకున్నాడు. నొక్కలేదు, కుడిచేత్తో మీటుతూ తీగల మీద ఊరికే ఆనించి జరిపాడు. స్వరం దాటిపోయింది. వెనక్కి వచ్చి పట్టుకున్నాడు. మళ్లీ దాటిపోయింది, మళ్లీ పట్టుకున్నాడు. ఆ మొహంలోకి ప్రాణం రావడం మా కళ్లతో చూశాం.

"మెట్లు వద్దు. పీకెయ్," అన్నాడు అక్కతో.

అక్క అప్పటికే పటకారు కోసం లేచింది. పుల్లలన్నీ పీకి, తీగల కింద చెక్కపేడు దూర్చి ఇంకాస్త పైకి లేపింది. నాయన గీతలను బావ చెరపనివ్వలేదు. వాటిని చూస్తే స్వరం తప్పుతుంది కాబట్టి కళ్లు మూసుకుని చెవితో వెతుక్కోవడం నేర్చుకున్నాడు. రోజూ పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే అదే పని. అక్క మిషను తొక్కుతూ వినేది.

చర్చిలో కరెంటు వాయిద్యం ఏమిటని పెద్దలు కొందరు సణిగారు. మైకులో ఉన్నది మాత్రం కరెంటు కాదా అని పాస్టరు అయ్యగారు ఒక్క మాటతో తేల్చేశారు. ఆ ఆదివారం రేడియోను అక్కే నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది.

బావ ముందు వరుసలో కూర్చుని, కళ్లు మూసుకుని కీర్తన ఎత్తుకున్నాడు. కడ్డీ జారుతుంటే గిటారు మనిషి గొంతులా పలికింది. మొదటి చరణం అందరూ పాడారు. రెండో చరణానికి వినాలన్న ఆశతో ఒక్కొక్కరే పాడటం ఆపేశారు. అయ్యగారు కూడా ఆపేశారు. చివరికి ఒక్క గొంతు మిగిలింది. అది మా అక్కది.

అక్కకు శ్రుతి కుదరదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, చర్చిలో అందరికీ తెలుసు. అందుకే ఎప్పుడూ పెదవులు మాత్రం కదిపేది. ఆ రోజు మాత్రం తాను ఒక్కతే పాడుతున్నానని కూడా గమనించకుండా, కళ్ల నీళ్లు కారుతుంటే గొంతు విప్పి పాడుతోంది, గిటారు కంటే కిందుగా. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. నేను సిగ్గుతో ఆమె చెయ్యి గిల్లాను. ఆమె ఆపలేదు.

బావ కళ్లు తెరిచాడు. అక్క వైపు చూశాడు. ఎడమచేతిలోని కడ్డీని కొంచెం, చాలా కొంచెం వెనక్కి జరిపాడు. గిటారు మెల్లగా కిందికి దిగి వచ్చి, అక్క గొంతు ఎక్కడుందో అక్కడ నిలిచింది. తక్కిన కీర్తనంతా చర్చిలో అందరూ మా అక్క శ్రుతిలోనే పాడారు.