పత్తికట్టె పొగలో వినుకొండ దాకా

మా ఆవిడ అనసూయకు ఉబ్బసం. చాలా ఏళ్ల కిందట ఆమె తమ్ముడు మా వరండాలో కూర్చుని, ఆమె చేతిలో చెయ్యి వేసి, "అక్కా, నీ మీద ఒట్టు. ఇక పత్తికట్టె తగలబెట్టను. మిషనుతో ముక్కలు చేయించి చేలోనే దున్నేస్తా" అన్నాడు. ఆ చేను మా ఇంటి వెనకే. మరుసటి మాఘంలోనే మళ్లీ అంటించాడు. ఆ తర్వాత కూడా మానలేదు. చివరికి ఒక చలికాలం అనసూయ దాటలేదు. నేను ఆ ఊరు వదిలి గుంటూరులో ఒక గదిలో చేరాను. ఈ ఫిబ్రవరిలో మిరపకల్లాలు చూడ్డానికి వెళ్తున్నానని ఇంటి ఓనరుతో చెప్పాను. నిజానికి బావమరిది ఇంకా తగలబెడుతున్నాడా అని చూడ్డానికి బయల్దేరాను.

పొద్దున్నే గుంటూరులో వినుకొండ బస్సు ఎక్కితే నరసరావుపేట మీదుగా రెండున్నర గంటల ప్రయాణం. టికెట్టు రెండొందల లోపే. పక్క సీటు ఖాళీగానే ఉన్నా సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను, పాత అలవాటు. పేట దాటాక పొలాల మీద తెల్లటి తెర పరుచుకుంది. సూర్యుణ్ణి కళ్లు చికిలించకుండా చూడగలిగాను. వినుకొండలో దిగితే పైనున్న కొండే సరిగా కనబడలేదు. అక్కణ్ణించి ఊరికి ఆటో మాట్లాడుకున్నాను.

"మంచు బాగా పట్టిందండీ ఈ ఏడు" అన్నాడు ఆటో అతను.

"మంచు కాదయ్యా, సగం పొగే. పత్తికట్టెదీ, డీజిల్‌దీ, ఎక్కడో కాల్చే బొగ్గుదీ."

"మీరు మేష్టారాండీ?"

"నీకెలా తెలిసింది?"

"అడక్కుండానే పాఠం చెబుతున్నారు గదండీ!"

కల్లం నిండా ఎర్రగా మిరపకాయలు. మా బావమరిది ఇద్దరు కూలీలతో వాటి మీద నీలం పట్టా లాగిస్తున్నాడు. "రా బావా, ఇన్నాళ్లకి దారి తెలిసిందా?" అన్నాడు.

"ఎండపూట పట్టా ఎందుకురా? వానొస్తుందా?"

"వానెక్కడిది? కట్టె అంటిస్తున్నాం. మసి పడితే కాయ రంగు పోద్ది, మిర్చి యార్డులో ముట్టుకోరు."

అంటించాడు కూడా. కళ్లు మండాయి. నా మొహం చూసి, "పొగ ఎండని ఆపుద్దంట గదా బావా, ఫోన్లో చూశా. భూమికి గొడుగు పడుతున్నాం మేము" అని నవ్వాడు.

అందులో కొంత నిజం ఉంది, అదే నన్ను ఎక్కువ మండించింది. బొగ్గు పొగలోని గంధకం గాలిలో లేత తెరగా మారి ఎండను వెనక్కి కొడుతుంది. భూమి వేడెక్కడంలో కొంత భాగాన్ని అది ఇన్నాళ్లూ దాచింది. నల్లటి మసి మాత్రం ఎండను తాగి గాలిని వేడెక్కిస్తుంది. రెండూ కలిసి నేల మీద ఎండ తగ్గించి, వానల తీరునే చెడగొడతాయి. పైగా ఈ పొగ వానొస్తే కొట్టుకుపోతుంది. బొగ్గు, డీజిల్ వదిలిన కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు ఉంటుంది. పొగ ఒక్కటే తీసేస్తే దాగిన వేడి బయటపడుతుంది, ఉంచితే ఊపిరితిత్తులు పోతాయి. పొగనూ కార్బన్ డయాక్సైడ్‌నూ కలిపి తగ్గించడం తప్ప దారి లేదు. ఇదంతా వాడికి చెప్పాను. "నువ్వు మారవు బావా, అన్నం తిని పో" అన్నాడు.

"మీ అక్క బతికున్నప్పుడు ఈ పట్టా ఎక్కడుందిరా?" అన్నాను.

వాడు వంగి, గాలికి లేస్తున్న పట్టా అంచు మీద రాయి పెట్టాడు.

తిరుగు బస్సులోనూ పక్క సీటు ఖాళీయే. లోకమంతటి పొగనూ ఒక్కడి నెత్తిన వెయ్యకూడదని నాకు తెలుసు, కావలసినంత చదివాను. కానీ లోకం మా వరండాలోకి వచ్చి ఒట్టు వెయ్యలేదు. మీరు కల్లాలు చూడాలనుకుంటే పదింటి తర్వాత వెళ్లండి. తెల్లవారినప్పుడు పొగ నేలబారున ఉంటుంది, ఆయాసం ఉన్నవాళ్లను అప్పుడు అస్సలు తీసుకెళ్లకండి. అనసూయను మాత్రం ఎక్కడికీ తీసుకెళ్లనక్కర్లేకపోయింది. ఆ పొగను ఇంటి దాకా తెచ్చినవాడు ఆమె తమ్ముడు సాంబశివరావు.